రెండో మాట

ఒక సంస్థానంలో పెద్ద చెరువు కింద ఒక ఊరు ఉండేది. ఊరి మాగాణికంతటికీ ఆ చెరువు తూమే ఆధారం. ఒక ఏడు నాట్లు పడి ఇరవై రోజులు కాకముందే, అమావాస్య నాటి రాత్రి తూము బిరడా ఊడిపోయింది. తెల్లవారి నీరటి వెళ్లి చూసేసరికి చెరువు సగం ఖాళీ. దిగువ మళ్లలో నాట్లు కొట్టుకుపోయాయి. ఎగువన మిగిలినవాటికి పంట చేతికొచ్చేదాకా పెట్టడానికి నీళ్లు లేవు.

ఊరు ఊరంతా చావడి ముందు చేరింది. ఎవడు తీశాడు, ఎవడు తీశాడు అని ఒకటే కేక. శిస్తు రాదని తెలిశాక రాజుగారు కూడా పటేలుకి కబురు పెట్టారు. వారం రోజుల్లో ఆ పని చేసినవాణ్ణి కోటకి పంపాలి, లేదంటే పటేల్గిరీ వదులుకోవాలి.

పటేలు మొదటి మూడు రోజులూ నిజంగానే వెతికాడు. ఎవరూ దొరకలేదు. నాలుగో రోజు అతనికి ఒక గొల్ల కుర్రవాడు గుర్తొచ్చాడు. కట్ట మీద గొర్రెలు మేపొద్దన్నందుకు నెల కిందట నలుగురిలో పటేలుకి ఎదురు మాట్లాడినవాడు. పాతికేళ్లుంటాయి. తల్లీ తండ్రీ పోయారు, ఉన్నది ఒక అక్క. ఏమైందని అడగడానికి వెనక ఎవరూ లేని మనిషి. ఇక సాక్షి ఒకడు కావాలి.

చెరువు కట్టకి పొలాల వైపు కుమ్మరి ఆవం ఉంది. ఆ రాత్రి ఆవం కాలుతోంది. కుమ్మరికి జ్వరంగా ఉండి, కాపలాకి పదేళ్ల కొడుకుని పడుకోబెట్టాడు. పటేలు ఆ పిల్లవాణ్ణి చావడికి పిలిపించాడు.

మొదటి రోజు చేతిలో బెల్లం ముక్క పెట్టి అడిగాడు.

"ఏం చూసినవు బిడ్డా?"

"ఏం చూడలే పటేలా. పండుకున్న."

రెండో రోజు బెల్లం లేదు, అన్నమూ లేదు. పొద్దు వాలేదాకా అదే ప్రశ్న, అదే జవాబు. బయట కుమ్మరి భార్య చావడి అరుగు కింద నిలబడి ఉంది. లోపలికి రానివ్వలేదు.

మూడో రోజు తలారి చావడి తలుపు మూశాడు. పటేలు గొంతు పెంచలేదు. "నువ్వు చూడలేదంటున్నవ్. మంచిది. ఆ రాత్రి చెరువు దగ్గర ఉన్నది మీ ఇంటోళ్లే గద. అయితే తూము తీసింది మీ నాయనే అయితడు. రేపు మీ నాయనను కోటకు పంపుత. మీ అమ్మను గూడ పంపుత" అన్నాడు. పిల్లవాడు చాలాసేపు ఏడ్చాడు. ఏడ్చి, "ఏం చెప్పాలె పటేలా?" అని అడిగాడు.

నిజంగా చూసినవాడు ఆ మాట అడగడు. చావడిలో ఉన్న కరణానికి ఆ సంగతి తెలుసు. తలారికీ తెలుసు. కరణం తాటాకు సరిచేసుకుని గంటం అందుకున్నాడు.

పటేలు చెప్పాడు, పిల్లవాడు అప్పజెప్పాడు, కరణం రాశాడు. గొల్లవాడు నల్ల కంబళి కప్పుకొని వచ్చాడు, తూము మెట్లు దిగాడు, మూడో మెట్టు మీద నిలబడి బిరడా పైకి లాగాడు. నీళ్ల దగ్గరికి పోతే కాళ్లు విరగ్గొడతానని తల్లి చెప్పడం వల్ల ఆ పిల్లవాడు అంతవరకూ తూము మెట్లు చూడనే లేదు. కానీ తాటాకు మీద మూడో మెట్టు పడింది. ఆ తర్వాత మరో ఇద్దరు పెద్దవాళ్లు చావడికి వచ్చి, తామూ కంబళి చూశామని చెప్పి వెళ్లారు. వాళ్లిద్దరికీ పటేలు దగ్గర బాకీలున్నాయి.

కోటలో విచారణ ఒక్క పూటలో అయిపోయింది. తన వంతు రాకముందు పిల్లవాడు పక్కనున్న బంట్రోతుతో, "అన్నా, నేను నిజంగ చూడలే" అన్నాడు. బంట్రోతు పాపం మంచివాడే. వాణ్ణి సభామండపం గుమ్మం దగ్గరున్న రాతి శాసనం దగ్గరికి తీసుకుపోయి చదివి వినిపించాడు. రెండు మాటలు చెప్పినవాడి నాలుక మీద వాత. "చావడిలో ఒక మాట చెప్పి వచ్చినవ్. ఇప్పుడు ఇంకో మాట చెప్తే వాత పెడతరు. మొదటిదే చెప్పు" అన్నాడు. పిల్లవాడు మొదటిదే చెప్పాడు. గొల్లవాణ్ణి బందీఖానాలో వేశారు.

పద్దెనిమిదేళ్లు గడిచాయి.

అక్క మొదటి ఏళ్లన్నీ శాపాలు పెట్టింది. కుమ్మరి ఇంటి ముందు నిలబడి దుమ్మెత్తి పోసింది. తర్వాత ఒక పండగకి కుండలు కావలసి వచ్చి, వేరే దారి లేక ఆ ఇంటికే వెళ్లింది. పిల్లవాడు అప్పటికి పెద్దవాడై సారె తిప్పుతున్నాడు. ఆమెకి కుండలు ఇచ్చాడు గానీ డబ్బులు తీసుకోలేదు, తలెత్తి చూడలేదు. మరుసటి ఏడూ అంతే. ఆమె ఇంటికి వెళ్లి ఆలోచించింది. మూడో ఏడు కుండల కోసం కాకుండా వట్టి చేతులతో వెళ్లి ఆవం పక్కన కూర్చుంది. "తమ్మీ, ఆ రాత్రి నువ్వు ఏం చూసినవో చెప్పు. నేను ఎవరికీ చెప్ప" అంది.

అతను చెప్పాడు. పద్దెనిమిదేళ్ల తర్వాత ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె.

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు తమ్మీ?"

"వాత పెడతరని మొదట భయపడిన అక్కా. ఇప్పుడు అది గాదు భయం. నేను పోయి చెప్తె, వీడు రెండు మాటల మనిషి, వీని మాట చెల్లదు అంటరు. నాకు వాత పడతది. అన్న మాత్రం ఆడనే ఉంటడు."

ఆమె కోటకి నడిచి వెళ్లింది. పాత ధర్మాధికారి పోయి కొత్తవాడు వచ్చాడు. ఆమె తమ్ముణ్ణి విడిపించమని అడగలేదు. రాతి శాసనాన్ని ఒక పక్షం రోజులు ఆపమని అడిగింది. "అయ్యా, పదిహేను రోజులు ఎవరు ఏ మాట మార్చి చెప్పినా వాత పెట్టబోమని దండోరా వేయించండి. మీకు ఖర్చు లేదు" అంది. ఎందుకని ఆయన అడిగాడు. అది శాసనం ఆగిన తర్వాత తెలుస్తుంది అంది. ధర్మాధికారి రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు డప్పు మోగింది.

కుమ్మరి వచ్చి, చావడిలో ఆ మూడు రోజులూ ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పాడు. ముసలివాడైన పటేలు లేచి నిలబడ్డాడు. "అప్పుడు అబద్ధం చెప్పినానని వీడే చెప్తున్నడు. అబద్ధాలకోరు మాట ఇప్పుడు ఎట్ల నమ్మాలె?" అన్నాడు.

"నీ ప్రశ్న సరైనదే" అన్నాడు ధర్మాధికారి. "నేను ఇతని మొదటి మాటా నమ్మను, రెండో మాటా నమ్మను. ఆవం దగ్గర పడుకున్నవాడికి ఏం కనిపిస్తుందో నేనే వెళ్లి చూస్తాను."

చీకటి పడేదాకా ఆగి చూడాలనుకుని సాయంత్రానికి ఊరు చేరాడు. ఆగవలసిన పని లేకపోయింది. ఆవం కట్టకి పొలాల వైపు ఉంది. తూము మెట్లు కట్టకి నీళ్ల వైపు ఉన్నాయి. మధ్యలో రెండు నిలువుల కట్ట. పట్టపగలు నిలబడి చూసినా తూము కనిపించదు. రోజూ ఆ కట్ట మీద నడిచే ఊరందరికీ ఆ సంగతి తెలుసు. కోటలో కూర్చుని తాటాకు చదివినవాళ్లకి తెలియదు, వాళ్లెవరూ వచ్చి చూడలేదు.

అప్పుడు నీరటి ముందుకొచ్చాడు. ఆ ఏడు చెరువు నిండుగా ఉంది, మూడో మెట్టు నీళ్ల అడుగున ఉంది, దాని మీద నిలబడటం ఎవరి తరం కాదు అన్నాడు. అతని వెనక ముసలి వడ్రంగి వచ్చాడు. కొత్త బిరడా చేసింది అతనే. పాత బిరడాని అతనే చూశాడు. కొయ్య లోపలంతా పుచ్చిపోయి, నీటి బరువుకి దానంతటదే విరిగింది. ఎవరూ తీయలేదు. "మరి అప్పుడు ఎందుకు చెప్పలేదు?" అని ధర్మాధికారి అడిగితే, "సాక్షి దొరికిండన్నరు అయ్యా. దొరికినంక నన్నెవరూ అడగలే. అడగకుండ చెప్తె నన్ను గూడ చావడికి పిలుస్తరని భయపడిన" అన్నాడు.

గొల్లవాణ్ణి విడిచిపెట్టారు. పటేలు ఇంటి ముందు తలారి నిలబడ్డాడు. ధర్మాధికారి రాతిపని వాణ్ణి పిలిపించి, శాసనం కింద ఇంకో వరస చెక్కించాడు. భయపెట్టి మాట చెప్పిస్తే, ఆ మాటకి వాత చెప్పించినవాడిది.

కుమ్మరి కోట గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. గొల్లవాడు అతని దగ్గర ఆగి, "అప్పుడు నీకు ఎన్నేండ్లు?" అని అడిగాడు. పది అన్నాడు. "నాకు పాతికేండ్లుండె. నన్ను మూడు దినాలు ఆ చావడిల కూసబెట్టినా, వాళ్లు చెప్పమన్నదే చెప్పెటోణ్ణేమో" అన్నాడు గొల్లవాడు.

నీతి:

బెదిరించి చెప్పించిన మాటని సాక్షి వెనక్కి తీసుకునే దారి మూసేస్తే, చేయని నేరానికి శిక్ష పడ్డవాడు ఇంటికి వచ్చే దారి కూడా మూసినట్టే.

ఈ కథ ఎక్కడో సంస్థానంలో జరిగిందనుకోవలసిన పని లేదు. 1975 మే నెలలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, క్లీవ్‌లాండ్ నగరంలో ఒక దుకాణం బయట మనీ ఆర్డర్లు అమ్మే వ్యాపారిని చంపేశారు. పద్దెనిమిదేళ్ల రికీ జాక్సన్‌నీ, అతని స్నేహితులైన ఇద్దరు అన్నదమ్ములనీ పట్టుకున్నారు. ముగ్గురూ నల్లజాతివాళ్లు. వాళ్లని ఆ హత్యకి ముడిపెట్టే వస్తువు ఒక్కటీ దొరకలేదు. ఉన్నదల్లా పన్నెండేళ్ల పిల్లవాడి సాక్ష్యం. దాని మీద ముగ్గురికీ మరణశిక్ష పడింది. తర్వాత అది యావజ్జీవంగా మారబట్టి బతికిపోయారు.

హత్య జరిగే వేళకి ఆ పిల్లవాడు స్కూలు బస్సులో ఉన్నాడు. ఏమీ చూడలేదు. వీధిలో విన్న పేర్లు పోలీసులకి చెప్పాడు. అనుమానితులని వరసలో నిలబెట్టి చూపించినప్పుడు గుర్తుపట్టలేదు. అప్పుడు ఒక డిటెక్టివ్ వాణ్ణి వేరే గదిలోకి తీసుకువెళ్లి, నువ్వు చిన్నవాడివి కాబట్టి నిన్ను జైల్లో వేయలేం గానీ మీ అమ్మానాన్నల్ని వేస్తాం అన్నాడు. ఇది ఆ పిల్లవాడు యాభై ఏళ్లు దాటాక కోర్టులో ప్రమాణం చేసి చెప్పిన మాట. ముప్పై ఏడేళ్లకి పైగా దాన్ని లోపల పెట్టుకుని బతికాడు. 2011లో ఆ నగరంలోని ఒక పత్రిక ఈ కేసులోని లోపాలని బయటపెట్టింది. 2013లో ఆ సాక్షి జబ్బుపడి ఆసుపత్రిలో ఉన్నప్పుడు తన పాస్టరు దగ్గర మొదటిసారి నిజం ఒప్పుకున్నాడు. సిన్సినాటి విశ్వవిద్యాలయంలోని ఒహాయో ఇన్నోసెన్స్ ప్రాజెక్టు న్యాయవాదులు కేసుని మళ్లీ కోర్టుకి తెచ్చారు. 2014 నవంబరు 21న, 39 ఏళ్ల తర్వాత, రికీ జాక్సన్ బయటికి వచ్చాడు. తర్వాత తన మీద సాక్ష్యం చెప్పినవాణ్ణి కలిసి కౌగిలించుకున్నాడు.

ఈ కేసులో జాక్సన్ క్షమ గురించి అందరూ రాశారు, రాయదగ్గదే. నాకు మాత్రం మరో సంగతి ముఖ్యమనిపిస్తుంది. ఆ పిల్లవాడి మొదటి మాట కోర్టుకి చేరడానికి కొన్ని నెలలు చాలాయి. రెండో మాట చేరడానికి పత్రిక, పాస్టరు, న్యాయవాదులు ఇంతమంది కావలసి వచ్చారు. అంతమంది దొరకని కేసులు ఎన్నో ఎవరికీ తెలియదు.

సాక్షులు తిరిగొచ్చినా ఫలితం లేకపోయిన కేసూ ఉంది. జార్జియా రాష్ట్రంలో 1989లో ఒక పోలీసు అధికారి హత్య కేసులో ట్రాయ్ డేవిస్‌కి 1991లో మరణశిక్ష పడింది. పోలీసులు కాని సాక్షులు తొమ్మిది మందిలో ఏడుగురు తర్వాత తమ మాట వెనక్కి తీసుకున్నారు లేదా మార్చారు. పోలీసులు ఒత్తిడి పెట్టారని వాళ్లలో కొందరు చెప్పారు. 2010లో ఫెడరల్ న్యాయమూర్తి ప్రత్యేకంగా విచారణ జరిపి, ఆ కొత్త మాటలు చాలవన్నారు. 2011 సెప్టెంబరు 21న అతన్ని చంపేశారు. అతను నిర్దోషి అని నేను తేల్చి చెప్పలేను. అంత అనుమానం మిగిలిన కేసులో మరణశిక్ష అమలు చేయకూడదని మాత్రం తేల్చి చెప్పగలను. పటేలు అడిగిన ప్రశ్నే అక్కడా అడిగారు. సాక్షి మాట మార్చాడు కాబట్టి రెండో మాట నమ్మకూడదట. మరి అదే నోటి నుంచి వచ్చిన మొదటి మాటని ఎందుకు నమ్మాలి?

మన చట్టంలోనూ ఆ రాతి శాసనం ఉంది. నేర విచారణ స్మృతి 221వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఇచ్చారు. ఒకడు మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేసి, ఫలానావాడు కర్రతో కొట్టడం చూశానంటాడు. సెషన్స్ కోర్టులో ప్రమాణం చేసి, కొట్టలేదంటాడు. ఈ రెండింటిలో ఏది అబద్ధమో రుజువు చేయలేకపోయినా అతన్ని అబద్ధపు సాక్ష్యానికి శిక్షించవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 244వ సెక్షన్‌గా కొనసాగుతోంది. డబ్బుకో బంధుత్వానికో మాట మార్చేవాళ్లని అడ్డుకోవడానికి అలాంటి నిబంధన కావాలి, కాదనను. కానీ స్టేషన్లో బెదిరించి, మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్లి వాంగ్మూలం ఇప్పించిన కూలివాణ్ణి తలచుకోండి. పోలీసులకి ఇచ్చిన వాంగ్మూలం మీద సంతకం ఉండదు, ప్రమాణం ఉండదు. మేజిస్ట్రేటు ముందు ఇచ్చినదానికి ఉంటుంది. కోర్టులో నిజం చెప్పబోతే కేసు నీ మీద పడుతుందని ఎవరో ఒకరు అతనికి తప్పక చెబుతారు. సాక్షి అడ్డం తిరిగాడని పేపర్లో ఒక్క ముక్క రాసి వదిలేస్తాం. కొన్నిసార్లు అడ్డం తిరగడమంటే నిజం వైపు తిరగడమే.

సాక్షిని బెదిరించి అబద్ధం చెప్పించడం కూడా నేరమే. 2006లో శిక్షాస్మృతిలో చేర్చిన 195ఎ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 232వ సెక్షన్. పదిహేనేళ్లలోపు మగపిల్లల్నీ, ఆడవాళ్లనీ, అరవై దాటిన మగవాళ్లనీ సాక్ష్యం కోసం స్టేషన్‌కి పిలవకుండా వాళ్లున్న చోటికే వెళ్లి అడగాలని నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షన్ చెబుతోంది. ప్రతి స్టేషన్లో, దర్యాప్తు సంస్థల విచారణ గదుల్లో కూడా కెమెరాలు ఉండాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో ఆదేశించింది. సాక్షుల రక్షణ పథకాన్ని 2018 డిసెంబరులోనే ఆమోదించింది. కాగితం మీద ధర్మాధికారి వరస చెక్కే ఉంది. దాని కింద ఎంతమంది పటేళ్లు నిలబడ్డారన్నదే అడగాలి.

చేయని నేరానికి శిక్ష అంటే తెలుగువాళ్లకి ఇబ్రహీంపట్నం గుర్తొస్తుంది. 2007 డిసెంబరులో అక్కడి హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థినిని చంపేశారు. ఒక పేద కుర్రవాణ్ణి పట్టుకుని, అతనే ఒప్పుకున్నాడన్నారు. ఆ అమ్మాయి తల్లిదండ్రులే ఇతను కాదని చెబుతూ వచ్చినా 2010లో శిక్ష పడింది. 2017 మార్చి 31న హైదరాబాదు హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసి, లక్ష రూపాయలు చెల్లించమంది, దర్యాప్తు చేసినవాళ్ల మీద చర్య తీసుకోమంది. ఎనిమిదేళ్లకి పైగా జైల్లో గడిచిపోయాయి. పదేళ్లు దాటాక, 2018లో, దర్యాప్తు సీబీఐ చేతికి వెళ్లి మళ్లీ మొదటినుంచీ మొదలైంది. పుచ్చిన బిరడా గురించి ఎవరూ అడగకపోవడం అంటే ఇదే. దోషి దొరికాడని ప్రకటించిన రోజునే వెతకడం ఆగిపోతుంది. నష్టం జైల్లో ఉన్నవాడికే కాదు, బిడ్డని పోగొట్టుకున్న తల్లికి కూడా.

తమవాడికి అన్యాయంగా శిక్ష పడిందని తిరిగేవాళ్లు ఆ అక్క చేసినట్టే చేయాలని నా ఉద్దేశం. సాక్షిని శత్రువుగా చూసి తిట్టినంతకాలం అతను నోరు విప్పడు. ఒంటరిగా కలిసి ఒత్తిడి పెట్టడమూ తప్పే, అది మళ్లీ ఇంకో చావడి అవుతుంది. లాయరు ద్వారా, ఇద్దరి సమక్షంలో, అతని మాటల్లోనే రాయించుకోవాలి. సాక్షుల వాంగ్మూలాలన్నీ పక్కపక్కన పెట్టి చదవాలి. చదువురాని ముగ్గురు మనుషులు ఒకే వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా చెప్పి ఉంటే ఆ వాక్యం ఎవరిదో ఆలోచించాలి. సంఘటన జరిగిన రోజుకీ వాంగ్మూలం రాసిన రోజుకీ మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టాలి. అన్నిటికన్నా ముందు, సాక్షి నిలబడ్డానన్న చోటికి అదే వేళకి వెళ్లి నిలబడి చూడాలి. అప్పీలు నడుస్తుండగా అయితే కొత్త సాక్ష్యం తీసుకునే అధికారం పై కోర్టుకి నాగరిక సురక్షా సంహిత 432వ సెక్షన్ కింద ఉంది.

అప్పీళ్లన్నీ అయిపోయాక నిజం బయటపడితే ఎక్కడికి వెళ్లాలి? సుప్రీంకోర్టులో పునఃసమీక్ష, కాకపోతే క్షమాభిక్ష. చేయని నేరానికి క్షమాభిక్ష అడుక్కోవడం ఎంత అవమానమో అడుక్కున్నవాళ్లకే తెలుస్తుంది. బ్రిటన్లో ఇలాంటి కేసులని మళ్లీ పరిశీలించి అప్పీలు కోర్టుకి పంపడానికి 1997 నుంచి ఒక ప్రత్యేక కమిషన్ పనిచేస్తోంది. మనకి అలాంటిది లేదు. పరిహారం సంగతి ఇంకా అన్యాయం. క్లీవ్‌లాండ్ నగరం ఆ ముగ్గురికీ కలిపి 1.8 కోట్ల డాలర్లు ఇవ్వడానికి 2020లో ఒప్పుకుంది. మన దగ్గర అకారణంగా అరెస్టు చేయించిన మనిషి నుంచి బాధితుడికి మేజిస్ట్రేటు ఇప్పించగలిగిన సొమ్ము, కొత్త చట్టంలో కూడా, వెయ్యి రూపాయలకి మించదు. తప్పుడు కేసుల్లో ఇరుక్కున్నవాళ్లకి పరిహారం హక్కుగా రావాలని, అందుకు ప్రత్యేక కోర్టులు ఉండాలని లా కమిషన్ 2018 ఆగస్టులో తన 277వ నివేదికలో చెప్పింది, బిల్లు ముసాయిదా కూడా రాసిచ్చింది. 2023లో నేర చట్టాలన్నీ తిరగరాసినప్పుడు అది వాటిలోకి రాలేదు. మీ ఎంపీ ఈసారి ఊరికి వచ్చినప్పుడు ఆ ముసాయిదా ఏమైందో అడగండి.